ఫాస్ఫరస్ లెక్క పాకెట్టు మీదే రాయాలి

ఫలక్‌నుమా, ఇంజన్‌బౌలి, జహనుమా, వట్టేపల్లి, చాంద్రాయణగుట్ట ప్రజలకు విజ్ఞప్తి



డయాలసిస్ అన్న మాట మన గల్లీల్లో ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. షుగరూ బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఆ దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. ఆ తర్వాత వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, చేతికి సూదులతో మంచం మీద పడుకోవడమే బతుకు. ఆ ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తోంది. అది పేదవాడికి దక్కిన పెద్ద ఊరట, కాదనం. కానీ మంచం దిగి ఇంటికొచ్చిన మనిషి ఏం తినాలో చెప్పేవాళ్లు లేరు. నీళ్లు తగ్గించు, ఉప్పు తగ్గించు, కొబ్బరినీళ్లు ముట్టకు అన్నంతవరకు అందరికీ తెలుసు. ఫాస్ఫరస్ మాత్రం రిపోర్టులో ఒక అంకెగానే మిగిలిపోతోంది.

ఆ అంకె మామూలుగా 2.5 నుంచి 4.5 మధ్య ఉండాలి. కిడ్నీలు పనిచేయనివాళ్లలో పెరుగుతూ పోతుంది. పెరిగినప్పుడు నొప్పి ఉండదు, జ్వరం రాదు. కొందరికి దురద మొదలవుతుంది. రాత్రంతా నిద్రపోకుండా వీపును గోడకేసి రాసుకునేంత దురద. అది చర్మరోగమనుకుని మలాములు పూసుకుంటూ నెలలు గడిపేస్తారు. ఈలోగా ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది, రక్తనాళాల గోడలకు సున్నం పట్టి గట్టిపడతాయి, గుండె మీద భారం పడుతుంది. అమెరికాలో 1998లో అచ్చయిన పెద్ద పరిశీలన ప్రకారం, ఫాస్ఫరస్ 6.5 దాటిన డయాలసిస్ రోగుల్లో ప్రాణాపాయం 27 శాతం ఎక్కువ.

మిషను ఉందిగా, అదే తీసేస్తుందిగా అని చాలామంది ధైర్యం. లెక్క చూడండి. రోజుకు 1,000 మి.గ్రా. ఫాస్ఫరస్ తిన్నామనుకుంటే అందులో సుమారు 600 రక్తంలోకి చేరుతుంది. వారానికి 4,200. ఒక్కో డయాలసిస్‌లో బయటికి పోయేది ఉజ్జాయింపుగా 800. వారానికి మూడు సార్లు చేయించుకున్నా 2,400 మించదు. మిగిలిన 1,800 ఒంట్లోనే ఉండిపోతుంది. వారానికి రెండు సార్లే చేయించుకునేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే తిండిలో జాగ్రత్త, ఫాస్ఫరస్‌ను పట్టుకోవడానికి అన్నంతోపాటు మింగే గోళీ, రెండూ తప్పనిసరి.

తిండిలో జాగ్రత్త అనగానే మన ఇళ్లలో మొదట ఆపేసేది మాంసం, తర్వాత పప్పు. ఇది పొరపాటు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. అన్నీ మానేస్తే కండ కరిగి మనిషి ఎండిపోతాడు. పప్పుల్లో, గోధుమల్లో ఉండే ఫాస్ఫరస్‌లో చాలా భాగం మన పేగులు పీల్చుకోలేవు. మాంసంలోది సగం, అంతకు కాస్త ఎక్కువ ఒంటబడుతుంది. ఫ్యాక్టరీలో కలిపే ఫాస్ఫేట్ ఉప్పులైతే 90 శాతానికి పైగా నేరుగా రక్తంలోకి పోతాయి. అసలు శత్రువు ఇది. ఇంట్లో వండిన కూరను అనుమానిస్తూ, పిల్లలతోపాటు కూల్‌డ్రింకు తాగే రోగులు మన మధ్యే ఉన్నారు.

కిరాణా కొట్టులో దొరికే ఇన్‌స్టంట్ నూడుల్స్ పాకెట్టు ఒకటి తిప్పి చూడండి. అతుకు పక్కన, కళ్లద్దాలు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో 339 అనో, 451 అనో, 452 అనో అంకెలుంటాయి. అవి ఫాస్ఫేట్లు. నల్ల కూల్‌డ్రింకుల్లో ఉండే 338 ఫాస్ఫారిక్ యాసిడ్. 340, 341, 450 కూడా ఆ కుటుంబమే. ప్రాసెస్డ్ చీజ్, నగ్గెట్లు, సాసేజీలు, కేకులు, చాయ్‌లో కలిపే క్రీమర్ పొడి... వీటిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఫాస్ఫేట్ అన్న పేరు రాయకుండా అంకె వేసి ఊరుకున్నా నిబంధన ఒప్పుకుంటుంది. ఆ రాసింది కూడా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు, ఉర్దూ చదివేవాళ్ల కోసం రాయాల్సిన పని లేదు. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు పంచదార, కొవ్వు, సోడియం ఎంతో రాయమన్నాయి. ఫాస్ఫరస్ ఎంతో రాయమనలేదు.

దీని వల్ల జరిగే అన్యాయం మన ఊళ్లోనే కళ్లకు కడుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల ఆహార పదార్థాల పట్టికలు వేసింది. వంద గ్రాముల తెల్ల బియ్యంలో ఫాస్ఫరస్ సుమారు 96 మి.గ్రా., గోధుమపిండిలో 315 అని అందులో చూసుకోవచ్చు. చేనులో పండిన గింజకు మిల్లీగ్రాముతో సహా లెక్క ఉంది. యంత్రంలో కొలతపెట్టి కలిపిన ఉప్పుకు లెక్క లేదు. ఎంత కలిపామో కంపెనీకి తెలుసు, తినే రోగికే తెలియదు.

అందుకే మొదటి డిమాండు ఇది: అమ్మే ప్రతి పాకెట్టు మీద మొత్తం ఫాస్ఫరస్ ఎన్ని మిల్లీగ్రాములో సోడియం పక్కనే రాయాలి. ఫాస్ఫేట్ కలిపితే కలిపామని మాటల్లో, తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పాలి. ఇది కుదరని పని కాదు. ట్రాన్స్‌ఫ్యాట్ విషయంలో కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2021లో 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం పరిమితి పెడితే కంపెనీలు దారికొచ్చాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2019లో ఫాస్ఫేట్లను మళ్లీ పరిశీలించి, కిలో బరువుకు రోజుకు 40 మి.గ్రా. హద్దు పెట్టింది. ఆ హద్దు కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు వర్తించదని కూడా అప్పుడే చెప్పింది. అరవై కిలోల మనిషికి అది 2,400 అవుతుంది. మన రోగికి డాక్టర్లు చెప్పేది 800 నుంచి 1,000.

చెబితే మారతారా అని కొందరి సందేహం. అమెరికాలోని ఒహాయోలో 279 మంది డయాలసిస్ రోగులతో చేసిన ప్రయోగం 2009లో అచ్చయింది. ఫాస్ఫేట్ కలిపిన సరుకును గుర్తుపట్టడం కొందరికి నేర్పారు. మూడు నెలల్లో వాళ్ల ఫాస్ఫరస్ 1.0 తగ్గింది, మిగతావాళ్లలో 0.4 తగ్గింది. అక్కడ పాకెట్టు మీద రాసింది చదవగలిగారు కాబట్టే సాధ్యమైంది.

రెండో డిమాండు రాష్ట్ర సర్కారుకు. ప్రతి డయాలసిస్ సెంటరులో నెలనెలా ఫాస్ఫరస్ పరీక్ష చేసి, ఆ అంకెను రోగి కార్డు మీద రాసివ్వాలి. తెలుగు, ఉర్దూ మాట్లాడే ఆహార నిపుణులు వారానికొకసారైనా వచ్చి మంచం పక్కన కూర్చుని మాట్లాడాలి. సెవెలమర్ లాంటి గోళీలు ఆ సెంటరులోనే ఉచితంగా ఇవ్వాలి. నెలనెలా బయట కొనే స్తోమత రోజుకూలీ ఇంటికి ఉండదు. ఆంధ్రాలో ఉద్దానం కిడ్నీ రోగుల గోడు ఊరూరా వినిపించబట్టే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. మనం అడుగుతున్నది భవనం కాదు. గోళీ, పరీక్ష, ఒక మాట చెప్పే మనిషి.

సర్కారు కదిలేలోగా ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. గోళీ ఖాళీ కడుపుతో మింగితే వృథా. తిన్న ఆహారంలోని ఫాస్ఫరస్‌ను అది పేగులోనే పట్టుకోవాలి గనుక ముద్దల మధ్యలో మింగాలి. రంజాన్‌లో రోజా ఉండవచ్చా లేదా అన్నది డాక్టరుతో తేల్చుకోండి. ఉన్నవాళ్లు గోళీని సహరీ, ఇఫ్తార్ భోజనాలతోపాటు ఎలా వేసుకోవాలో కూడా అప్పుడే అడగండి. మాంసాన్ని చిన్న ముక్కలు చేసి అరగంట ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఫాస్ఫరస్ కొంత పోతుంది. హలీంలో ఆ వీలు లేదు. గోధుమ, పప్పు, మాంసం అన్నీ అందులోనే మెదిగిపోతాయి. పండగ పూట రెండు చెంచాలు రుచి చూడండి, గిన్నె ముందు పెట్టుకోకండి. కలేజీ, జీడిపప్పు, పాలకోవా తగ్గించండి. గుడ్డులో తెల్లసొన నిశ్చింతగా తినవచ్చు. ఒక గుడ్డు తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటే ఫాస్ఫరస్ 5 మి.గ్రా. మాత్రమే. పచ్చసొన సంగతి వేరు. ఎవరి కొలత వాళ్లదే కాబట్టి మీ కార్డు డాక్టరుకు చూపించి నిర్ణయించుకోండి.

బేకరీ, హోటలు నడిపే భాయిలకు ఒక మనవి. బేకింగ్ పౌడర్లలో కొన్నింటిలో ఫాస్ఫేట్ ఉంటుంది, వట్టి తినే సోడాలో ఉండదు. మీరు వాడే డబ్బా మీద 450, 341 అంకెలున్నాయేమో చూడండి. చాయ్‌తోపాటు రెండు బిస్కెట్లు అడిగిన పెద్దాయన చేతికి డయాలసిస్ పట్టీ కనిపిస్తే, ఆయన అడగకముందే ఆ సంగతి చెప్పండి.

ఈ కాగితాన్ని కింద పారేయకండి. తర్వాతిసారి డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకుని, నా ఫాస్ఫరస్ ఎంత అని అడగండి. పాకెట్టు మీద లెక్క రాయాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థకు, గోళీలు ఇవ్వాలని రాష్ట్ర ఆరోగ్య మంత్రికి పంపే అర్జీలు గల్లీ గల్లీకీ వస్తున్నాయి. తెలుగులో సంతకం చేసినా, ఉర్దూలో చేసినా, వేలిముద్ర వేసినా సరే. ఇంట్లో రోగి లేకపోయినా సంతకం పెట్టండి.

ఇట్లు,
ఫలక్‌నుమా పరిసరాల డయాలసిస్ రోగులు, వారి ఇంటివాళ్లు