రెండో ప్రతి



లక్డీకాపూల్‌లోని మా యింట లినక్స్ స్థాపిస్తూ, నా పద్యవ్యాఖ్యలున్న పార్టిషను మీదనే దాన్ని ఎక్కించాను. అపరాధం నాదే.

ఇట్టి వేళ అంతా పోయిందనుకోవడం తొందరపాటు, అంతా వస్తుందనుకోవడం అత్యాశ. పార్టిషను పట్టిక మాత్రమే చెడితే టెస్ట్‌డిస్క్ దాన్ని తిరిగి కూర్చవచ్చు. కొత్త రాత పడినచోట పాత అక్షరం మరలిరాదు. కనుక నకలు తీయకుండా మరమ్మతుకు పూనుకోవడం మొదటిదానికన్న పెద్ద తప్పని నా అభిప్రాయం. వెంటనే యంత్రాన్ని ఆపి, పెన్‌డ్రైవ్ నుండి నడిపి, డీడీరెస్క్యూతో మరొక డిస్కుపైకి నకలు తీశాను. వెదకులాట ఆ నకలులోనే. ఫోటోరెక్ (పేరుకే ఫోటో, పాఠాలనూ వెదకుతుంది!) కొన్నింటిని తెచ్చింది, పేర్లు పోయి అంకెలతో. తొలి వాక్యం చదివి ఏది ఏ పద్యానిదో పోల్చుకొంటున్నాను.

బ్రౌను దొర తాళపత్రాలకు నకళ్ళు వ్రాయించిన సంగతి ఏటేటా పిల్లలకు బోధించినవాణ్ణే గాని, నా వ్రాతకు రెండో ప్రతి ఉంచుకోలేదు. ఆదిపర్వం మీది వ్యాఖ్య ఇంకా కనబడలేదు.