పొగలేని కుంపటి - పొంచివున్న ముప్పు

"ఉరవకొండలో చలేమిటండీ, ఎండలకు పుట్టినిల్లు కదా!" అంటారు పైఊళ్లవారు. ఈ పొడినేలే మన చలికి కారణం. మబ్బులేని ఆకాశం కింద, తడిలేని నేల పగలు పట్టిన వేడినంతా రాత్రికి వదిలేస్తుంది. పుష్యమాసంలో మధ్యాహ్నం చొక్కా తడుస్తుంది. తెల్లవారుజామున మగ్గం గుంతలో కాళ్లు పెట్టాలంటే జంకు పుడుతుంది.

అందుకే చలి రాగానే తలుపులు, కిటికీలు బిగిస్తాం. ఆపైన కుంపటి లోపలికి తెస్తాం. ప్రమాదమంతా ఈ రెండూ కలిసినప్పుడే.

కొన్నేళ్ల క్రితం ఒక జనవరి ఉదయం ఒక బాలింతరాలిని, ఆమె తల్లిని, పసిబిడ్డను ఆసుపత్రికి తెచ్చారు. పెద్దవాళ్లిద్దరికీ తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు. బిడ్డ పాలు పట్టకుండా మత్తుగా ఉంది. "రాత్రి కూర పడలేదేమో" అన్నారు. అదే కూర తిని వసారాలో పడుకున్న మగవాళ్లకు ఏమీ కాలేదు. గదిలో ఏం పెట్టారని అడిగాను. "మంచం కింద కుంపటేనయ్యా. నిప్పులు బాగా రాజుకొని పొగ పోయాకే పెట్టాం" అంది పెద్దావిడ. వేళకు ఆక్సిజన్ అందింది గనుక ముగ్గురూ తేరుకున్నారు.

పొగ లేకపోవడమే ఇందులోని మోసం. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. నివురుగప్పిన నిప్పు నుంచి కూడా ఈ వాయువు వస్తూనే ఉంటుంది.

కరోనా రోజుల్లో కొన్న వేలికి తగిలించే పరికరాన్ని ఇక్కడ నమ్మకండి. ఈ విషం ఎక్కినా అది అంకెలు బాగానే చూపిస్తుంది.

పట్నంలో అపార్టుమెంటు కాపురం చేసేవారికి కుంపటి లేకపోవచ్చు. గ్యాసు గీజరు ఉంటుంది. ఇరుకు స్నానాల గదిలో, చలిగాలి వస్తోందని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డుపెట్టి స్నానం చేస్తే అదే విషం. గ్యాసు గీజరు గది బయట ఉండాలి. దాని గాలి గొట్టం ద్వారా ఆరుబయటికి పోవాలి.

2021 ఫిబ్రవరిలో, మనవాళ్లు ఎందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గడ్డకట్టే చలి విరుచుకుపడింది. గొట్టాలు పగిలాయి, లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు కాల్చినవారు, గ్యారేజీలో కారు ఇంజను నడిపినవారు ఈ వాయువు బారినపడ్డారు, కొందరు మరణించారు. దీన్ని పసిగట్టి గంట మోగించే పరికరాలున్నాయి. గ్యాసు గీజరు ఉన్న ఇంట్లో ఒకటి పెట్టుకోండి. వంటగ్యాసు లీకైతే మోగేది వేరు. అది దీనికి పనికిరాదు.

మరి ఇంటిని చలికి ఎలా సిద్ధం చేయాలి? పగలు ఎండవైపు కిటికీలు తెరవండి, పొద్దుగూకకముందే మూయండి. గాలి కొట్టేవైపు సందుల్లో గుడ్డ కుక్కండి. ఎదురువైపు వెంటిలేటరు మాత్రం తెరిచే ఉంచండి. అది తెరిచి ఉందిలే అని కుంపటి పెట్టుకోవద్దు. బండపరుపు మీద నేరుగా పడుకోకండి. చాప, దానిపై బొంత వేయండి. ముసలివారికి కుళ్లాయి, మేజోళ్లు తొడగండి. పసిబిడ్డకు తల్లి రొమ్మును మించిన కుంపటి లేదు. టోపీ పెట్టి ఒంటికి హత్తుకుంటే చాలు. ముఖం మీద మాత్రం దుప్పటి కప్పవద్దు.

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే తలనొప్పి, వాంతులు వచ్చి, బయటికి రాగానే తగ్గుతుంటే అజీర్ణమనుకోకండి. తలుపులు తెరిచి అందరినీ బయటికి తీసుకురండి. 108కి ఫోను చేయండి. తగ్గిందని ఇంటిదగ్గరే ఉండిపోవద్దు. కుంపటి గానీ గీజరు గానీ వాడిన సంగతి అడగకముందే డాక్టరుకు చెప్పండి.

ఈ చలికాలం ఇంకో కంబళి కొనండి. కుంపటిని వాకిట్లోనే ఉంచండి.