పట్టికనుండి తొలగిన విషభూములు

ఒక భూమి విషపూరితమైనదని ప్రభుత్వము ప్రకటించినపుడు దానిని నమ్మనివారుండరు. నీటి వాసన, ఎండిన చెట్లు, పిల్లల జబ్బులు ముందే సాక్ష్యమిచ్చుచుండును. అదే ప్రభుత్వము కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట, ఆ భూమి శుద్ధియైనది, దాని పేరు మా పట్టికనుండి కొట్టివేసితిమి అని ప్రకటించినపుడు నమ్ముటకు ఆధారమేమి? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న నలువది యేండ్లుగా నలుగుచున్నది. అచ్చటి పర్యావరణ పరిరక్షణ సంస్థ నిర్వహించు జాతీయ ప్రాధాన్యపు పట్టిక 1983 సెప్టెంబరులో 406 స్థలములతో మొదలైనది. నేడు అందులో 1300లకు పైగా స్థలములున్నవి. శుద్ధి ముగిసినదని పేరు కొట్టివేయబడినవి 450కి మించినవి. ఈ కొట్టివేతలను గూర్చి అచ్చటి ప్రభుత్వములు గర్వించుచున్నవి. గర్వింపదగినవి కొన్ని కలవు, అన్నియు కావు. మన తెలంగాణములోని పటాన్‌చెరు ప్రాంతము ఇంచుమించు ఇట్టి కథనే చూచియున్నది గనుక, దూరదేశపు వ్యవహారమని త్రోసివేయక ఈ విషయమును కొంత విపులముగా చర్చింపదలచితిమి.

నయాగరా జలపాతముగల పట్టణమునందే లవ్ కెనాల్ అను పాత కాలువ యొకటి కలదు. త్రవ్వుట మొదలిడి సగములో విడిచివేసిన కాలువ యది. 1942 నుండి 1953 వరకు హుకర్ రసాయనముల కంపెనీ అందులో సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థములను పూడ్చెను. 1953లో ఆ నేలను ఒక్క డాలరుకు స్థానిక విద్యామండలికి విక్రయించెను. ఆ క్రయపత్రములో నొక షరతు వ్రాయబడెను: పూడ్చిన వ్యర్థముల మూలమున ఎవరికి ఏ హాని కలిగినను కంపెనీకి పూచీ లేదు. భూములు కొనుచు నమ్ముచునుండు మన పాఠకులకు ఇట్టి షరతు కంటబడినపుడు ఏమి తోచునో మేము చెప్పనక్కరలేదు. విద్యామండలి అచ్చట బడి కట్టించెను. చుట్టు ఇండ్లు లేచెను. 1978 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రపు ఆరోగ్యాధికారులు గర్భిణీ స్త్రీలును రెండేండ్లలోపు శిశువులును ఆ చోటు విడువవలెనని చెప్పిరి. అధ్యక్షుడు కార్టరు అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. ఐనను చాల కుటుంబములు అచ్చటనే చిక్కుకొనిపోగా, లోయిస్ గిబ్స్ అను గృహిణి ముందు నిలువ, ఆ వాడలోని తల్లులు ఊరక యుండక పోరాడిరి. 1980లో రెండవ ప్రకటన వెలువడెను. మొత్తముమీద 900కు పైగా కుటుంబములు ఇల్లు వాకిలి వదలిపోవలసి వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 11వ తేదీననే సూపర్‌ఫండ్ చట్టమని లోకము పిలుచు శాసనము అమలునకు వచ్చెను. ఆ శాసనమునకు కారకులు శాసనసభ్యులకంటె ఆ తల్లులేయని మా యభిప్రాయము.

ఆ చట్టముననుసరించి, ఒక్కొక్క స్థలమువలన జనులకును నీటికిని గలుగు ప్రమాదమును మార్కులతో లెక్కగట్టి, సాధారణముగా 28.5 మార్కులు వచ్చిన స్థలములను పట్టికలో చేర్తురు. పట్టికలో చేరిననే గాని దీర్ఘకాలపు శుద్ధికార్యమునకు ఆ నిధినుండి ధనము వెచ్చింప వీలులేదు. చెరచినవాడు ఖర్చు భరింపవలెను. వాడు దివాలా తీసినను, దొరకకపోయినను నిధి భరించును. ఆ నిధిని నింపుచుండిన రసాయనముల పన్ను, పెట్రోలియము పన్ను 1995 తుదితో గడువు తీరిపోయినవి. మొదటిది 2022లోను రెండవది 2023లోను మరల వసూలగునంతవరకు, పాతికయేండ్లకు మించి, ఈ భారము చాలవరకు సామాన్య ప్రజల పన్నులమీదనే పడెను.

ఇక పేరు తొలగించు పద్ధతి. శుద్ధికి వలసిన పనులన్నియు జరిగినవని గాని, ఇక పనియేమియు అక్కరలేదని గాని కేంద్ర సంస్థ నిశ్చయింపవలెను. ఆ స్థలమున్న రాష్ట్ర ప్రభుత్వము అందుకు సమ్మతింపవలెను. తొలగింపదలచిన సంగతిని గెజిటులో ప్రకటించి, 30 దినములు ప్రజల ఆక్షేపణలను స్వీకరించి, ముఖ్యమైన ఆక్షేపణలకు వ్రాతమూలకముగా సమాధానము చెప్పవలెను. అంతటితో ముగియలేదు. పేరు కొట్టివేసిన చోట విషము మరల పైబడినచో, మార్కుల లెక్క మొదటినుండి కట్టనక్కరలేకయే ఆ స్థలమును తిరిగి పట్టికలో చేర్చవచ్చును. భూమిలో వ్యర్థములు మిగిలియున్న పక్షమున, పేరు తొలగినను తొలగకున్నను, అయిదేండ్లకొకమారు పరీక్షింపవలెను. ఇవి మంచి నియమములు. రాజ్యాంగ యంత్రము తన పని ముగిసినదని తానే తీర్పు చెప్పుకొనకుండ, పొరుగువానిచేత అడిగించుకొనుట చిన్న సంగతి కాదు. మన దేశమున ఎన్ని శాఖలు ఇట్టి నియమమునకు ఒప్పుకొనునో పాఠకులే యూహింపవచ్చును.

సక్రమముగా జరిగిన కొట్టివేత యొకటి చెప్పెదము. మిస్సోరి రాష్ట్రమున టైమ్స్ బీచి యను చిన్న పట్టణముండెను. జనసంఖ్య రెండు వేలకు పైబడి. 1970 ప్రాంతములలో దుమ్ము లేవకుండుటకై దాని వీధులపై వాడిన నూనె చల్లించిరి. ఆ నూనెలో డయాక్సిన్ అను ఘోరవిషము కలిసియుండెను. 1982 డిసెంబరులో మెరమెక్ నది వరద ఊరిని ముంచెను. మరు సంవత్సరము ప్రభుత్వము ఊరినంతయు కొనివేయుటకు నిశ్చయించెను. 1996, 1997 సంవత్సరములలో, అచ్చటి మట్టితోపాటు ఆ రాష్ట్రమందలి యితర స్థలముల మట్టిని గూడ చేర్చి, సుమారు 2,65,000 టన్నులు కొలిమిలో కాల్చివేసిరి. 1999లో ఆ నేల పార్కుగా తెరువబడెను. 2001లో పేరు కొట్టివేయబడెను. 2012లో డయాక్సిన్ హానినిగూర్చిన లెక్క మారగా, అధికారులు పేరు తొలగిన ఆ పార్కునకే మరల పోయి, మట్టి తీసి పరీక్షించి, భయము లేదని తేల్చిరి. ఊరు లేకుండపోయినదను దుఃఖమును ఎవరును తీర్పజాలరు; కాని ఆ నేలనుగూర్చి చెప్పిన మాటకు మాత్రము ఆధారము కలదు.

లవ్ కెనాల్ సంగతి వేరు. దాని పేరు 2004 సెప్టెంబరు 30వ తేదీన తొలగింపబడెను. మరి అందులోని 21,000 టన్నులు ఏమైనవి? చాలవరకు ఉన్నచోటనే యున్నవి. పైని మట్టితోను ప్లాస్టికు పొరతోను 40 ఎకరములమేర కప్పు వేసి, 70 ఎకరముల చుట్టు కంచె కట్టి, లోననుండి ఊరు ద్రవమును కాలువలద్వారా తోడి శుద్ధి చేయుచున్నారు. ఆ యంత్రము నిలిచినచో శుద్ధియు నిలుచును. చెరువులోని పూడిక తీయుటకును, పూడికపై గడ్డి పెంచుటకును గల భేదము వంటిది యిది. పూర్వము మన గ్రామములలో కరణము లెక్కలో తరిభూమిగా నుండి, చూడబోయిన పొలములో మెట్టగా నుండిన నేలలు కొల్లలు. కాగితమునకును నేలకును గల వైరము మనవారికి క్రొత్త కాదు. మేము ఆ కప్పును నిందించుటలేదు. అంత విషమును త్రవ్వి తీయుటలోను అపాయము కలదని నిపుణులు చెప్పినది తోసివేయరానిది. మా యాక్షేపణ పేరునుగూర్చియే. బంధించియుంచిన విషమునకును తొలగిపోయిన విషమునకును ఒకే మాటతో విడుదలపత్రము వ్రాయుట జనులను భ్రమపెట్టుట కాదా? ఆ కప్పునకు ఉత్తరమున నున్న పాత ఇండ్లను 1990 మొదలుకొని బ్లాక్ క్రీక్ విలేజి యను క్రొత్త పేరున అమ్మిరి. కొనినవారిలో కొందరు తరువాత వ్యాధులనుగూర్చి న్యాయస్థానముల కెక్కిరి. వారి వాదమునకు తీర్పు చెప్పుట మా పని కాదు. ఊరి పేరు మార్చుట నేల మార్చుట కాదని మాత్రము అనగలము.

ఇంకొక పద్ధతి కలదు: స్థలములో కొంత భాగమును మాత్రమే తొలగించుట. కొలరాడోలోని రాకీ ఫ్లాట్స్ అణ్వాయుధపు కర్మాగారము ప్లుటోనియముతో పనిచేసినది. 2005లో శుద్ధి ముగిసెను. 2007లో చుట్టునున్న విశాలమైన భూమిని పట్టికనుండి తొలగించి, నడిమి భాగమును అందులోనే యుంచిరి. ఆ చుట్టు భూమి వన్యప్రాణుల సంరక్షణస్థలమై 2018లో ప్రజలకు తెరువబడినది. గాలికి ఎగురు ధూళికి ఆ సరిహద్దురేఖ తెలియునా యని స్థానికులు అడుగుచున్నారు. అడుగుట తప్పు కాదు.

ఇంతకంటె లోతైన చిక్కొకటి కలదు. శుద్ధియైనదని తేల్చుటకు ఒక కొలత కావలెను గదా. ఆ కొలతయే మారుచున్నది. ఇండ్ల చుట్టు మట్టిలో సీసము పది లక్షల భాగములకు 400 భాగములు మించినపుడే అనుమానింపవలెనని 1994లో చెప్పిన సంస్థ, 2024 జనవరిలో దానిని 200కు దించినది. ఆ నడుమ 400 కొలతతో నిష్కల్మషమని తేల్చిన పెరడులో ఆడుకొనిన పిల్లలు నేడు పెద్దవారై యుందురు. అట్లే నీటిలో ఎన్నటికిని విడిపోని ఫ్లోరినుగల రసాయనములు రెండింటిని 2024లో ప్రమాదకర ద్రవ్యములుగా నిర్ణయించిరి. అంతకుముందు తొలగిన స్థలములలో వానికొరకు వెదకినవారెందరు? వ్యర్థము మిగిలియున్న చోటికి అయిదేండ్లకొకమారు అధికారి పోవును గనుక కొంత ధైర్యము. ఆనాటి కొలత ప్రకారము సంపూర్ణముగా శుద్ధియైనదని తేల్చిన చోటికి ఎవరును పోనక్కరలేదు. మిక్కిలి బాగుగా శుద్ధియైనదన్న నేలకే మిక్కిలి తక్కువ కాపలా!

మరి ప్రభుత్వములు కొట్టివేతకు తొందరపడుట ఏల? లెక్క చూపుట సులభము గనుక. 2019 ఆర్థిక సంవత్సరమున 27 స్థలములను పూర్ణముగనో భాగముగనో తొలగించితిమనియు, 2001 తరువాత ఒక్క యేట ఇన్ని తొలగుట ఇదే మొదలనియు ఆ సంస్థ చాటుకొనెను. ఆ 27లో అనేకము లంతకు ఎన్నియో యేండ్లక్రిందటి శ్రమకు ఫలములు. శ్రమించినవారొకరు, దండలు వేయించుకొనినవారొకరు. ప్రజలుకూడ తొందరపడుదురు, వారిని తప్పుపట్టలేము. పట్టికలో ఊరి పేరున్నంతకాలము ఇల్లు అమ్ముడుపోదు, బ్యాంకు అప్పు పుట్టదు, క్రొత్త వర్తకుడు రాడు. ముప్పది యేండ్లు అట్టి నిందను మోసిన గృహస్థు పేరు తొలగిన దినమున పండుగ చేసికొనుట సహజము. అతని తొందరయు, అధికారి తొందరయు ఒకచోట కలిసినపుడే నిదానింపుమని చెప్పువాడు అవసరము.

ఇప్పుడు మన యింటి సంగతి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని 88 పారిశ్రామిక ప్రాంతములకు మార్కులు కట్టి, 70 దాటిన 43 ప్రాంతములను తీవ్ర కలుషితములని ప్రకటించెను. వానిలో విశాఖపట్టణము, పటాన్‌చెరు - బొల్లారము మన తెలుగువారివి. 2010 జనవరిలో ఆ ప్రాంతములందు క్రొత్త పరిశ్రమలకు పర్యావరణపు టనుమతులు ఆపివేసిరి. తరువాత రాష్ట్రములు పంపిన కార్యప్రణాళికలను చూచి విడతలవారీగా ఆ నిషేధమును తీసివేసిరి. గమనింపుడు: శుద్ధిని చూచి కాదు, శుద్ధి చేయుదుమన్న ప్రణాళికను చూచి! 2013 సెప్టెంబరులో మరల కొలిచి, ఎనిమిది ప్రాంతములపై నిషేధమును తిరిగి విధింపగా వానిలో పటాన్‌చెరు - బొల్లారము ఉండెను. 2014 జూనులో, మరల కొలుచువరకని చెప్పి, ఆ నిషేధమును పక్కన బెట్టిరి. నక్కవాగు గట్టున వరి వేసిన రైతు 1990 నుండి న్యాయస్థానముల చుట్టు తిరిగిన ప్రాంతమిది. నాలుగేండ్లలో రెండుమార్లు బిగించి రెండుమార్లు వదలిన ఆ త్రాటిని చూచి, తన బావి నీరు త్రాగవచ్చునో లేదో ఆ రైతు ఏమి తెలిసికొనగలడు?

2025 జులైలో కేంద్ర ప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకు ప్రత్యేక నియమములను వెలువరించినది. అప్పటికి దేశమున 103 స్థలములు గుర్తింపబడియుండగా, 7 చోట్ల మాత్రమే శుద్ధి పని ఆరంభమైయుండెను. మొదలే యింత మందగతిగా నున్నపుడు తుదినిగూర్చి మాటలాడుట తొందరపాటని కొందరనవచ్చును. మేమట్లు తలంపము. తుది నిబంధనలు పని ముగిసిన పిమ్మట వ్రాయబోయినచో, అవి అప్పటి యధికారుల సౌకర్యమునకు తగినట్లు వ్రాయబడును. కావున మన రాష్ట్ర మండలులు ఇప్పుడే ప్రకటింపవలసిన దేమనగా: ఏ స్థలమునైన శుద్ధమని చాటుటకు ముందు గ్రామసభలో తెలుగున చదివి వినిపించి ఆక్షేపణలను స్వీకరింపవలెను; భూమిలో మిగిలిన వ్యర్థమెంత, దానికి కాపలా యెవరిది, ఖర్చెవరిది యనునది ఆ ప్రకటనలోనే వ్రాయవలెను; ఆ సంగతి రిజిస్ట్రేషను కార్యాలయములో సర్వే నంబరుతోసహా నమోదై, ఆ నేలను కొనబోవు ప్రతివానికి కనబడవలెను; కొలత మారినపుడెల్ల మట్టిని, నీటిని మరల పరీక్షింపవలెను. పటాన్‌చెరు ప్రాంతపు బావులనుండి ఇంతవరకు తీసిన నీటి పరీక్షల ఫలితములను, సంవత్సరము వారీగా, ఊరు వారీగా అచ్చువేసి పంచాయతీలకు పంపుటతో తెలంగాణ మండలి ఈ పనిని ప్రారంభింపవచ్చును.