బ్రేకు ఖర్చు ఎవరిది?

కుడతిని మీదుగా పోయే బళ్లారి–హోస్పేట రహదారిపై ఖనిజం, ఉక్కు లారీల రద్దీ మనందరికీ తెలిసిందే. ఆ రద్దీలోనే మన మిల్లుల పాత లారీలూ తిరుగుతున్నాయి. వాటి బ్రేకులు బాగుచేయమని అడిగితే, కొందరు యజమానులు పాత సామాన్ల అంగడిలో దొరికిన కొత్త మోడలు బూస్టరొకటి బిగించి చేతులు దులుపుకుంటున్నారు.

ఇది కంటితుడుపు పని అని మేము స్పష్టంగా చెబుతున్నాం. ఒకే లైను ఉన్న పాత ఆయిల్ బ్రేకులో ఎక్కడ పైపు పగిలినా అన్ని చక్రాల బ్రేకులూ పోతాయి. బూస్టరు తొక్కుడు బలాన్ని పెంచుతుందే గాని ఈ లోపాన్ని తీర్చదు. కొత్త లారీల గాలి బ్రేకుల్లో రెండు వేర్వేరు లైన్లుంటాయి. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. అందుచేత మారిస్తే కంప్రెసరు, ట్యాంకులు, వాల్వులు, ఛాంబర్లు అన్నీ ఆ బండి ఇరుసులకు సరిపోయేవే వేయాలి. ఒక ఇరుసుకు రెండు వైపులా రెండు సైజుల ఛాంబర్లు వేస్తే, బ్రేకు తొక్కగానే బండి పక్కకు లాగుతుంది.

ప్రమాదం జరిగితే కేసు డ్రైవరు మీద పడుతుంది. ప్రాణం పోయేది క్లీనరుదో, హమాలీదో, దారిన పోయేవాడిదో. లాభం మాత్రం యజమానిది. కాబట్టి ఖర్చూ ఆయనే భరించాలి. తయారీదారు నిర్దేశించిన భాగాలతో, రవాణా శాఖ నిబంధనల ప్రకారం మార్పు చేయించాలి. అలా కుదరని బండిని పక్కన పెట్టాలి. బ్రేకు సరిగా లేని లారీని తీయనన్న డ్రైవరుకు కూలి కోయరాదు. కార్మికులంతా ఈ డిమాండ్ల వెనుక నిలబడాలని కోరుతున్నాం.