ఐదు ప్రమాదాలు జరిగేదాకా ఆగవలసిందేనా?

2022 ఫిబ్రవరి 6న బళ్ళారిలో వివాహానికి హాజరై తిరిగి వెళ్తున్న బంధువుల కారు ఉరవకొండ మండలం బూదగవి వద్ద లారీని ఢీకొన్నది. కారులోని తొమ్మిది మందీ మరణించారు. అదే సంవత్సరం సెప్టెంబరు 14న బళ్ళారి తాలూకా కొళగల్లు సమీపాన పొలం పనికి పోతున్న కూలీల ఆటో తుంగభద్ర ఎగువ కాలువలో పడి పలువురు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. మొదటి ఘటన ఆంధ్రప్రదేశ్ లెక్కలో చేరింది, రెండవది కర్ణాటక లెక్కలో చేరింది. దుఃఖం మాత్రం గట్టుకు ఇరువైపులా ఉన్న మన ఊళ్ళదే.

ఈ రెండు ఘటనలను ప్రభుత్వ కొలబద్దతో కొలిచి చూడవలసి ఉన్నది. కేంద్ర రహదారుల శాఖ 2015లో నిర్దేశించిన ప్రకారం, జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్ళ కాలంలో మరణమో తీవ్ర గాయమో కలిగించిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది మరణించాలి. అప్పుడే ఆ చోటు ‘బ్లాక్ స్పాట్’ అనిపించుకుంటుంది. అనగా, ఒకే కారులో తొమ్మిది ప్రాణాలు పోయినా ఆ ఒక్క ఘటన ఈ కొలతకు చాలదు. కాలువ గట్టు దారి జాతీయ రహదారే కాదు కనుక దానికి ఈ కొలతే వర్తించదు. 2022లో దేశంలో రహదారులపై 1,68,491 మంది మరణించగా, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది గ్రామీణ ప్రాంతాలలోనే మరణించారు. పల్లె మరణాలు ఒకచోట గుట్టపడవు. ఇక్కడొకటి, అక్కడొకటిగా చెదిరి ఉంటాయి. కనుకనే కొలబద్దకు అందవు.

ప్రమాదాలను ముందుగా అంచనా వేసే పద్ధతి ఈ లోపాన్ని సరిదిద్దడానికే పుట్టింది. అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం 2010లో వెలువరించిన ‘హైవే సేఫ్టీ మాన్యువల్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. రోజుకు ఎన్ని వాహనాలు పోతున్నవి, దారి వెడల్పు ఎంత, అంచున మట్టిబాట ఎంత, మలుపు ఎంత వంపు తిరిగింది, పక్కన చెట్టో కాలువో ఉన్నదా అన్న వివరాలతో, ఏడాదికి సగటున ఎన్ని ప్రమాదాలు జరగగలవో లెక్కిస్తారు. మలుపు సరిచేస్తే, అంచు వెడల్పు చేస్తే ఆ సంఖ్య ఎంత తగ్గునో గుణకాలతో చూస్తారు. శవం లేవకముందే ప్రశ్న అడగవచ్చుననేదే ఇందులోని విశేషం.

మరొక మేలు కూడా ఉన్నది. ఒక పరీక్షలో మరీ తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడికి తరువాతి పరీక్షలో, మనమేమీ చేయకున్నా, సాధారణంగా కొంత పెరుగుతాయి. ఉపాధ్యాయులందరికీ ఇది తెలుసు. రహదారికీ అంతే. ఒక ఏడాది ఎక్కువ ప్రమాదాలు జరిగిన చోట బోర్డు పాతితే, మరుసటి ఏడు సంఖ్య దానంతటదే తగ్గవచ్చు. ఆ ఘనత బోర్డుకు పోతుంది. జరిగిన సంఖ్యనూ అంచనా సంఖ్యనూ కలిపి తూచే పద్ధతి ఈ భ్రమను తొలగిస్తుంది.

ఇది మనకు పొరుగున జరగని పనేమీ కాదు. బెళగావి–యరగట్టి మధ్య 62 కిలోమీటర్ల రాష్ట్ర రహదారిని ఐరాప్ సంస్థ నక్షత్రాల పద్ధతిలో మదింపు చేసి, ప్రపంచ బ్యాంకు సహాయంతో సరిదిద్దగా ప్రాణాంతక ప్రమాదాలు సుమారు సగానికి తగ్గాయి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా 2021లో నాగపూరులో మొదలైన ‘ఐరాస్తే’ పథకం తరువాత తెలంగాణకూ వచ్చింది. ఆర్టీసీ బస్సులలో అమర్చిన పరికరాల హెచ్చరికలు ఎక్కడ పదేపదే మోగుతున్నవో గుర్తించి, ఆ చోట్లు బ్లాక్ స్పాట్లు కాకముందే సరిచేయించడం దాని ఉద్దేశం.

అయితే అమెరికా గ్రంథానికి మన దారి తెలియదు. వెనుక దీపం లేని ట్రాక్టరు, దారిపై ఆరబోసిన జొన్నలు, పదిహేను మంది ఎక్కిన ఆటో ఆ లెక్కలో లేవు. గుణకాలను మన వివరాలతో సరిచేసుకోవాలి. ఆ వివరాలు ఎక్కడివి? మద్రాసు ఐఐటీ రూపొందించిన సమీకృత ప్రమాద సమాచార వ్యవస్థ 2021లో ప్రయోగాత్మకంగా మొదలైన ఆరు రాష్ట్రాలలో కర్ణాటక ఒకటి. తరువాత అది దేశమంతటికీ విస్తరించింది. అందులో పోలీసులు నమోదు చేసినదే చేరుతుంది. రాజీతో ముగిసినది, నేరుగా ఆసుపత్రికి పోయినది చేరకపోవచ్చు. సరిహద్దున ఇంకొక చిక్కు ఉన్నది. 500 మీటర్ల నిడివిలో గీతకు ఇటు మూడు, అటు రెండు ప్రమాదాలు జరిగితే, రెండు రాష్ట్రాల అధికారులూ కలిసి కూర్చుని కూడితే తప్ప ఐదు కావు.

మాటలోనూ ఒక చిక్కు ఉన్నది. కన్నడంలో అపఘాతమంటాము, తెలుగులో ప్రమాదమంటాము. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. అందుకేనేమో, డ్రైవరు ఏమరుపాటు అని రాసి కాగితం మూసివేయడం మనకు సులభమైపోయింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 198ఎ విభాగం మాత్రం, నిర్ణీత భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే రహదారి అధికారికీ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చునంటున్నది.

కనుక గ్రామసభలో ‘మాకు స్పీడు బ్రేకరు కావాలి’ అని మాత్రమే అడగడం చాలదు. ఈ మలుపునకు అంచనా లెక్క వేశారా, వేస్తే ఎంత వచ్చింది, కాలువ గట్టుకు అడ్డుగోడ కడితే ఎంత తగ్గును అని రాతపూర్వకంగా అడగాలి. గీతకు అటువైపు పంచాయతీ కూడా అదే రోజున అదే అర్జీ పెట్టాలి. వాహనాలను మిరప కోతల నెలల్లోనే లెక్కించమని అందులో తప్పక రాయించండి. ఏడాది సగటు తీస్తే ఆ రద్దీ కాగితంపై కనిపించదు.