ఫుర్సత్ ఎవరి హక్కు?



షాబాన్ సగం దాటింది. ఇన్షా అల్లాహ్, ఇంకొన్ని రోజుల్లో రంజాన్ చాంద్ చూస్తాం. ఆ లోపల మన ఇళ్ళల్లో మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. చాంద్ రాత్ నాడు మాట్లాడితే ఫాయిదా లేదు, అప్పటికి అందరి మిజాజ్ వేడెక్కి ఉంటుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

నా మైకా కోరుట్ల. ససురాల్ సిరిసిల్ల. చెల్లెల్ని జగిత్యాలలో ఇచ్చాం. మూడు ఊర్ల రంజాన్‌ని దగ్గరి నుంచి చూస్తుంటాను. ఊరు మారినా ఒక సంగతి మారదు. ఆఖరి అష్రా వచ్చేసరికి ప్రతి ఇంట్లో ఏదో ఒకటి పగులుతుంది, మాడుతుంది, పొంగిపోతుంది. కొత్త ఎర్ర పరదా రంగు దిగి తెల్ల కుర్తాకి అంటుకుంటుంది. అటక మీది డేగ్చీ దించబోతే పక్కనున్న గాజు సామాను కింద పడుతుంది. షీర్ ఖుర్మా కోసం పెట్టిన పాలు అడుగంటుతాయి. గ్యాస్ సిలిండర్ సరిగ్గా సహరీ వేళకే ఖతమ్ అవుతుంది. సున్నం వేయడం మొదలుపెట్టిన గోడ సగంలోనే నిలబడిపోతుంది. వెంటనే ఎవరో ఒకరు "నజర్ లగ్ గయీ" అంటారు. ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. నజర్ కాకపోతే రెండో మాట తయారుగా ఉంటుంది: "కోడలికి సలీఖా లేదు."

ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోను. ప్రతి ఏడూ అదే పది రోజుల్లో, అదే మనిషి చేతుల్లో జరిగేదాన్ని నజర్ అనరు, థకన్ అంటారు.

హిసాబ్ వేసి చూడండి. సహరీకి అందరికంటే ముందు లేచేది ఆమె. ఇఫ్తార్‌కి అందరి తర్వాత ఖజూర్ నోట్లో వేసుకునేది ఆమె. తరావీహ్ నుంచి మగవాళ్ళు తిరిగొచ్చేసరికి చాయ్ పెట్టేది ఆమె. మస్జిద్‌లో ఇతికాఫ్ కూర్చున్న మామగారికి టిఫిన్ క్యారియర్ సర్దేదీ ఆమే. పగలంతా గొంతులో చుక్క నీళ్ళు లేని మనిషి, రాత్రి నాలుగు గంటలు కూడా పడుకోని మనిషి, ఒక పొయ్యి మీద నూనె, ఇంకో పొయ్యి మీద పాలు పెట్టి దుప్పట్లు ఉతుకుతుంటే పాలు పొంగకుండా ఎట్లుంటాయి? పాలు పొంగితే పర్వాలేదు. నూనె మీద పడితే?

మన ఊర్ల సంగతి ఇంకా వేరు. ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. తునికాకు నానబెట్టాలి, కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి. కూలీ వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. రోజా ఉందని వెయ్యి తొమ్మిది వందలు కాదు. పండక్కి పిల్లలకి బట్టలు కావాలంటే చాటలో ఇంకొన్ని కట్టలు పడాల్సిందే. కోరుట్ల, జగిత్యాల వైపు ఎంతోమంది షోహర్లు దుబాయ్‌లోనో, సౌదీలోనో ఉంటారు. అక్కడ మగవాళ్ళ పని అని చెప్పుకునేది కూడా ఇక్కడ ఆమె నెత్తి మీదే పడుతుంది. మోటారు కాలిపోతే మెకానిక్‌ని పిలిచేది ఆమె, ఫిత్రా లెక్క చూసేది ఆమె, దర్జీ చుట్టూ తిరిగేది ఆమె. సిరిసిల్లలో సాంచాల మీద షిఫ్ట్ చేసి వచ్చిన మనిషికీ థకన్ ఉంటుంది, కాదనను. కానీ ఆయన షిఫ్ట్‌కి ముగిసే టైమ్ ఉంది. బావర్చీఖానాకి లేదు.

పండగ ముందు అధూరా పనుల లిస్టు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆ లిస్టులో ఎవరూ రాయని పని ఒకటుంది: ఆమె చదవాలనుకున్న కితాబ్. మా అమ్మీ దిండు కింద ఎప్పుడూ ఒక ఉర్దూ రిసాలా ఉండేది. చదివిన పేజీ దగ్గర జడపిన్ను పెట్టేది. రంజాన్ మొదటి రోజు ఎక్కడ పెట్టిందో ఈద్ అయ్యాక కూడా ఆ పిన్ను అక్కడే ఉండేది. ఇంట్లో ఎవరికీ అది నష్టంగా అనిపించలేదు. చదవడం ఆమెకి టైమ్‌పాస్ అని అందరి ఖయాల్.

1869లో డిప్టీ నజీర్ అహ్మద్ "మిరాతుల్ ఉరూస్" రాశారు. తన కూతుళ్ళు చదవాలని రాసిన కితాబ్. అందులో అక్బరీ ఫూహడ్, అస్గరీ సలీఖామంద్. ఆ రోజుల్లో ఆడపిల్ల చేతికి కితాబ్ ఇవ్వడమే పెద్ద సంగతి, ఆ ఎహసాన్ మర్చిపోను. కానీ 150 ఏళ్ళుగా సలీఖా పాఠం ఒక్క అమ్మాయిలకే నడుస్తోంది. అబ్బాయిల సలీఖా కోసం ఏ కితాబ్ పెట్టాం?

1905లో బెంగాల్ బీబీ రుఖయ్యా సఖావత్ హుసేన్ ఈ లెక్కని తిరగేసి చూపించింది. షోహర్ డ్యూటీ మీద ఊరెళ్ళినప్పుడు, దొరికిన ఫుర్సత్‌లో "సుల్తానాస్ డ్రీమ్" కథ రాసింది. అందులో మగవాళ్ళు మర్దానాలో ఉండి ఇంటి పని చేస్తారు, ఆడవాళ్ళు దేశం నడుపుతారు, వంట సూర్యుడి వేడితో అవుతుంది. ఆ కథ అచ్చైంది మద్రాసు నుంచి వచ్చే "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"లో. దాని ఎడిటర్ మన తెలుగావిడే, కమలా సత్తియనాథన్. హైదరాబాద్‌లో వంద ఏళ్ళ కిందటే సుగ్రా హుమాయూన్ మీర్జా ఆడవాళ్ళ కోసం "అన్నిసా" రిసాలా నడిపింది. ఖాళీగా కూర్చుంది అని ఎవరో అనుకున్న వేళల్లోనే ఇలాంటివి పుడతాయి.

మా పిల్లలకి ఉర్దూ మాట వస్తుంది, రస్ముల్ ఖత్ రాదు. ఏం చదవాలి అని అడుగుతారు. తెలుగులో మన ఇళ్ళ కథలు, కవితలు ఉన్నాయి. 1998లో "జల్‌జలా" వచ్చింది, 2004లో "వతన్" వచ్చింది. స్కైబాబా కథల సంపుటి పేరే "అధూరె". చదివేవాళ్ళకి కొరత కితాబులది కాదు, గంటలది.

"రోజాదారుకి వండి పెడితే ఎంత సవాబ్!" అని కొందరు బుజుర్గులు అంటారు. సవాబే, షక్ లేదు. అంత సవాబ్ ఉన్న పనిలో ఇంటి మగపిల్లల్ని ఎందుకు మహ్రూమ్ చేస్తున్నాం? రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లో ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హాని అడిగితే, ఇంటివాళ్ళ ఖిద్మత్‌లో ఉండేవారని, నమాజ్ వేళకి బయటికి వెళ్ళేవారని చెప్పారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. ఆఖరి పది రాత్రుల్లో ఇంటివాళ్ళని ఇబాదత్ కోసం లేపేవారనీ ఉంది. మనమూ లేపుతాం. కాకపోతే సేమియా వేయించడానికి.

నేను అడిగేది పెద్ద ఇన్‌ఖిలాబ్ కాదు. సున్నాలు, పరదాలు, అటక దించడం షాబాన్‌లోనే కావాలి. రంజాన్ చాంద్ కనిపించే నాటికి కాని పని అధూరాగానే ఉండనివ్వండి, ఈద్ ఆగదు. దస్తర్‌ఖాన్ మీద రోజుకి నాలుగు రకాలు ఎందుకు, రెండు చాలు. బాదం, పిస్తా, చిరోంజీ తరగడం దేవర్లకి, కొడుకులకి ఇవ్వండి. కత్తి పట్టడం వాళ్ళకీ వస్తుంది. సిలిండర్, నీళ్ళ మోటారు జిమ్మేదారీ ఇంట్లో మగవాళ్ళుంటే వాళ్ళదే.

ఇంకొకటి. జొహర్ నుంచి అసర్ వరకు ఒక గంట ఆమెది. తలుపు కొడితే ఇంకొకరు తీయాలి, ఫోన్ మోగితే ఇంకొకరు ఎత్తాలి. ఆ గంటలో తిలావత్ చేస్తుందా, తర్జుమా చదువుతుందా, నావెల్ పట్టుకుంటుందా, ఊరికే పడుకుంటుందా, ఎవరూ అడగొద్దు. సాస్‌లారా, ముందుగా మీకే నా గుజారిష్. మీ కోడలు కూర్చుని చదువుతుంటే "పనేం లేదా?" అనే మాట ఈ ఒక్క నెల నోట్లోనే ఆపండి. ఆ మాట మీరూ ఒకప్పుడు పడ్డదే.

అల్లాహ్ మన ఇళ్ళల్లో బర్కత్ ఇవ్వాలి. ఆ బర్కత్‌లో ఆమె హిస్సా కూడా ఉండాలి. ఆమీన్.