కళ్ళెం ఎవరి చేతిలో ఉన్నా

స్త్రీలూ పురుషులూ విడివిడిగా కాకుండా ఒకే పోటీలో, ఒకే పతకం కోసం తలపడే అరుదైన ఒలింపిక్ క్రీడ గుర్రపుస్వారీ. అందులో డ్రెస్సేజ్ విభాగాన్ని స్త్రీల విజయగాథగా చెప్పుకుంటూ ఉంటారు. అలా చెప్పుకోవడానికి చరిత్ర కూడా ఉంది. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో చేరిన ఈ పోటీ నలభై ఏళ్ళపాటు మగవాళ్ళ సొత్తు, అందునా ఎక్కువగా సైనికాధికారుల సొత్తు. 1952లో హెల్సింకీలో స్త్రీలకు తలుపు తెరుచుకుంది. పోలియో వల్ల కాళ్ళు సరిగా పనిచేయక, గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఇతరుల సాయం కావలసిన డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ ఆ ఏడాదే రజతం గెలిచింది. 1956లో మళ్ళీ గెలిచింది.

ఈ కథను ఇక్కడితో ఆపేస్తే ఎంతో బాగుంటుంది. కానీ ఇందులో రెండో ప్రాణి ఉంది. గుర్రాన్ని ఏళ్ళ తరబడి మలిచి, రౌతు చేసే కనీకనిపించని సైగలకు అది ఉన్నచోటే కదం తొక్కేలా, పక్కకు అడుగులు వేసేలా, సంగీతానికి కదిలేలా చేసి న్యాయనిర్ణేతల దగ్గర మార్కులు తెచ్చుకునే పోటీ ఇది. చూడటానికి నాట్యంలా ఉంటుంది. నోట్లో ఇనుము, దవడ కింద గొలుసు, ముక్కు చుట్టూ బిగించిన పట్టీ, రౌతు మడమలకున్న ముళ్ళు మాత్రం ప్రేక్షకుల దాకా రావు.

2024 జూలైలో, పారిస్ ఒలింపిక్స్ మొదలవబోతుండగా, బ్రిటన్ రౌతు షార్లెట్ డుజార్డిన్ పోటీ నుంచి తప్పుకుంది. మూడు స్వర్ణాలతో కలిపి ఆరు ఒలింపిక్ పతకాలు గెలిచిన మనిషి. కారణం కొన్నేళ్ళ కిందటి ఒక వీడియో. అందులో ఆమె నేలమీద నిలబడి, శిష్యురాలు ఎక్కిన గుర్రం కాళ్ళ మీద పొడవాటి కొరడాతో పదేపదే కొడుతూ కనిపిస్తుంది. ఆమె తప్పు ఒప్పుకుంది. ఆ డిసెంబరులో అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య ఆమెపై ఏడాది నిషేధం, 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది.

దీనిమీద రెండు మాటలు వినిపించాయి. ఒకటి, ఇది ఒక మనిషి చేసిన తప్పు, క్రీడది కాదు. రెండోది, ఆడది కాబట్టే ఇంతగా వేటాడారు. రెండో మాటను నేను కొట్టిపారేయను. ఆడదాని కోపాన్ని లోకం ఎప్పుడూ రెండింతలు చేసే చూస్తుంది. కానీ అంతకు ముందు, 2023 నవంబరులో, ఒలింపిక్ పతక విజేత ఆండ్రియాస్ హెల్గ్‌స్ట్రాండ్ గుర్రపుశాలలో రహస్యంగా తీసిన దృశ్యాలను డెన్మార్క్ టీవీ2 ప్రసారం చేసింది. అక్కడి సమాఖ్య అతన్ని జాతీయ జట్టుకు దూరం పెట్టింది. మగవాణ్ణి కూడా పట్టుకున్నారు కాబట్టి లెక్క సరిపోయిందని నా ఉద్దేశం కాదు. ఇద్దరూ చదివిన బడి ఒకటే అంటున్నాను. ఆ బడి పాఠాల్ని మార్చకుండా విద్యార్థుల్ని మాత్రం మార్చుకుంటూ పోతే ఏమవుతుంది?

ఆ పాఠాల్లో ఒకటి చూద్దాం. గుర్రం గడ్డం దాదాపు ఛాతీకి ఆనేలా పగ్గాలతో మెడను వంచి ఉంచడాన్ని రోల్‌కూర్ అంటారు. 2009లో డెన్మార్క్‌లో ఒక పోటీకి ముందు సాధన జరుగుతుండగా ఒక గుర్రం నాలుక నీలంగా మారి వేలాడటం వీడియోకెక్కింది. గొడవ పెద్దదయ్యాక 2010 ఫిబ్రవరిలో సమాఖ్య లోజాన్‌లో సమావేశం పెట్టి, దూకుడుగా బలం ఉపయోగించి మెడ వంచడం కూడదని చెప్పింది. బలవంతం లేకుండా మెడను కిందికి, లోతుగా, గుండ్రంగా వంచి ఉంచితే మాత్రం సరేనంది! మెడ వంపు కళ్ళకు కనబడుతుంది. బలవంతం ఉందో లేదో ఎవరు చెప్పాలి? పగ్గాలు పట్టుకున్నవాళ్ళే చెప్పాలి.

ఇంకో మాట. ఈ క్రీడలో ఏళ్ళ తరబడి మార్కులు వేసిన గుణాల్లో ఒకదాని పేరు 'లొంగుబాటు'. లొంగుబాటంటే అణిగి ఉండటం కాదు, నమ్మకంతో, ఇష్టంతో కూడిన విధేయత అని నియమాల పుస్తకం వివరణ కూడా ఇచ్చింది. ఈ వివరణ మనకు కొత్తా? ఇష్టపూర్వకమైన విధేయత అన్న మాట మీద మన పతివ్రతల కథలన్నీ నిలబడి లేవా? ఆ ఇష్టాన్ని ఆమె నోటితో కాక ఆమెను ఏలుకున్నవాడి నోటితో వినడం మనకు కొత్తా? 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు ఒంటిమీద గాయాలు లేవని, ప్రతిఘటించిన ఆనవాళ్ళు లేవని పోలీసులను విడిచిపెట్టింది. మౌనాన్ని అంగీకారంగా చదవడం మీద ఈ దేశంలో స్త్రీలు ఉద్యమం కట్టింది ఆ తీర్పు తర్వాతే.

ఇక్కడ కొందరు మిత్రులకు కోపం వస్తుందని తెలుసు. దళిత, ఆదివాసీ స్త్రీలను మనుషులుగానే చూడని సమాజంలో గుర్రం పక్కన మన పేరు పెడతావా అంటారు. ఆ కోపం న్యాయమైనది. నేను బాధకూ బాధకూ తూకం వెయ్యడం లేదు, స్త్రీ గుర్రంలాంటిదనడం లేదు. మౌనాన్ని చదివే అధికారం ఎవరిదని అడగడం మనం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్న చదువు. మన గడప దాటగానే ఆ చదువు పనికిరాదంటే అది చదువే కాదు.

పైగా ఈ ప్రశ్నను మొదట వేసింది కూడా ఒక రచయిత్రే. అన్నా సెవెల్ 1877లో 'బ్లాక్ బ్యూటీ' రాసింది. చిన్నవయసులో కాళ్ళకు గాయమై, తిరగడానికి గుర్రపుబండి మీదే ఆధారపడిన స్త్రీ. సాహిత్య చరిత్ర దాన్ని పిల్లల పుస్తకాల అరలో పెట్టేసింది. ఆమె రాసింది గుర్రాలతో పనిచేసే మనుషుల కోసం. బండి హుందాగా కనబడాలని గుర్రాల తలలను పగ్గంతో పైకి బిగించి కట్టే ఆనాటి ఫ్యాషన్ మీద ఆమె పోరాటం. అప్పుడు తల పైకి, ఇప్పుడు కిందికి. రెండూ చూసేవాళ్ళ కళ్ళ కోసమే. అందులో జింజర్ అనే ఆడగుర్రానికి కరుస్తుందని చెడ్డపేరు. ఆ పేరు వెనకున్న కథను సెవెల్ జింజర్‌తోనే చెప్పిస్తుంది. పొగరుబోతు అని ముద్రపడ్డ ప్రతి ఆడదాని వెనకా ఒక చరిత్ర ఉంటుందని చెప్పే మనం ఈ నవలను ఇంకా పిల్లలకే వదిలేశాం.

రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. కుంటుతున్న గుర్రానికి నొప్పి ఉందేమో అని అది అడగదు, నటిస్తోందని తేల్చేస్తుంది. బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ దీనికి సరిగ్గా ఎదురు పని చేసింది. స్వారీలో ఉన్న గుర్రం చూపే 24 ప్రవర్తనలను ఆమె బృందం జాబితా చేసింది. చెవులు వెనక్కి పెట్టడం, నోరు పదేపదే తెరవడం, తోక విదిలించడం వంటివి. ఎనిమిది, అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఒంట్లో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది. మొండితనమని కొట్టి సరిచేసినవన్నీ ఫిర్యాదులన్నమాట. నోరులేని జీవం అంటాం గానీ దానికి నోరుంది. మనం అందులో ఇనుము పెట్టాం.

మేం మా గుర్రాలను కన్నబిడ్డల్లా ప్రేమిస్తాం అంటారు రౌతులు. నిజమే కావచ్చు. ప్రేమ ఉన్నచోట హింస ఉండదని మన ఇళ్ళు చూసిన ఏ స్త్రీ అయినా నమ్ముతుందా? సంరక్షణ ఒక్కటే చాలదు, జంతువుతో సంభాషణ కావాలని స్త్రీవాద విమర్శకురాలు జోసెఫీన్ డొనోవన్ 2006లో వాదించింది. సంభాషణ అంటే అవతలి ప్రాణి 'వద్దు' అనే వీలుండటం. ఆ 'వద్దు'కు మార్కులు కోసే క్రీడలో సంభాషణ ఎక్కడిది?

ఇది యూరప్ ధనికుల గొడవ అని పక్కన పెట్టలేం. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు డ్రెస్సేజ్ స్వర్ణం గెలిచింది. నలుగురిలో ఇద్దరు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, ఆడపిల్లలు. సంతోషించాం. వాళ్ళు తప్పు చేశారని నేను అనడం లేదు. వాళ్ళను చూసి రేపు జీను ఎక్కబోయే అమ్మాయిలకు ఏ పాఠం చెబుతారని అడుగుతున్నాను.

అడగవలసినవి గాల్లో మాటలేమీ కావు. గుర్రం ముఖం నిటారు గీతకు కొంచెం ముందుండాలని నియమమే ఉంది. 1992, 2008 నాటి అగ్రశ్రేణి పోటీలను పోల్చిన అధ్యయనంలో ముఖం ఆ గీత వెనక్కి పోవడం పెరిగిందని తేలింది. అంటే నియమం కాగితం మీద, పతకం ఇంకోచోట. ముక్కుపట్టీ బిగువు కొలిచే పరికరాన్ని సమాఖ్య 2025లో తెచ్చింది. మంచిదే. కానీ కొలవవలసింది పట్టీనే కాదు, న్యాయనిర్ణేత కలాన్ని కూడా. మెడ వంచి గెలిచిన ప్రదర్శనకు మార్కులు తగ్గాలి. సాధన స్థలాల్లో పోటీదారులతో సంబంధం లేని పశువైద్యులు ఉండాలి. గురువు మీద నోరు విప్పిన శిష్యురాలికి రక్షణ ఉండాలి. కొరడా దెబ్బలు పడుతున్నప్పుడు గుర్రం మీద కూర్చున్నది ఒక యువతి. ఆమె కూడా ఆ రోజు 'ఆపండి' అనలేని చోటే ఉంది.

కళ్ళెం మగవాడి చేతిలోంచి మన చేతికి రావడమే స్త్రీవాదం సాధించదలచిన విజయమైతే, ఈ క్రీడలో మనం ఎప్పుడో గెలిచేశాం. కాదనుకుంటే, అసలు పని ఇంకా మొదలుపెట్టలేదు.